కాడినుండి స్టీరింగుకు : పల్నాటి బండిబాటల చరిత్ర

పల్నాడు అనగానే మన మనస్సునకు ముందుగా తోచునది వీరగాథ. నలగాముడు, మలిదేవుడు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు – ఈ పేర్లు వినని తెలుగువారుండరు. కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున వీరుల ఉత్సవము నేటికిని జరుగుచున్నది. కాని ఒక సీమ చరిత్ర అంతయు కత్తిపట్టినవారిదే కాదు. ఆ సీమలో పండినదానిని సంతకు చేర్చినవారు, సముద్రపుటొడ్డునుండి ఉప్పు మోసికొని వచ్చినవారు, రాతిని సున్నముగా కాల్చి దేశముమీదికి పంపినవారు – వీరికిని చరిత్ర కలదు. ఆ చరిత్రలో నిన్న పగ్గము పట్టినవాడును, నేడు స్టీరింగు పట్టినవాడును ముఖ్యులు.

మేమిచ్చట చెప్పదలచినది ఈ రెండవ చరిత్ర. అందులోను ప్రధానముగా ఒక ప్రశ్న. బండి నడుపు విద్యను పల్నాటివారు ఎవరివద్ద, ఏ విధముగా నేర్చుకొన్నారు? ఇది చరిత్రకారుని కుతూహలముతో ముగిసిపోవు ప్రశ్న కాదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో నేడెన్నో ఇండ్లలో ఇరువదియేండ్లు నిండిన కుమారునికి హెవీ లైసెన్సు తీయించవలెనని పెద్దలు ఆలోచించుచున్నారు. మిరపకాయలమ్మిన డబ్బో, అప్పు తెచ్చిన డబ్బో చేతబట్టుకొని ఏ డ్రైవింగ్ స్కూలులో చేర్చవలెనో తోచక నలుగురిని విచారించుచున్నారు. నేర్పు విద్య ఎట్లు పుట్టి, ఎట్లు మారి, ఎట్లు చట్టమునకు లోబడినదో తెలిసినచో మంచి బడిని గుర్తించుట అంత కష్టము కాదు.

పల్నాటికి ఉత్తరమున కృష్ణ, పడమట నల్లమల కొండలు. నడుమ నాపరాతి నేలలు. మాచర్లవద్ద చంద్రవంక, గురజాల ప్రాంతమున నాగులేరు. నాగార్జునసాగరము రాకపూర్వము వానకు ఎదురుచూచు మెట్టపంటలే ఈ సీమకు ఆధారము. జొన్న పండెడిది, ప్రత్తి పండెడిది. ఉప్పు మాత్రము తూర్పునుండి రావలసినదే. కావున పల్నాటి బ్రతుకునకు సముద్రతీరముతోడి రాకపోకలు ప్రాణాధారములు. తీరమున మోటుపల్లి రేవు కాకతీయులనాట ప్రఖ్యాతి చెందినది. 1244 లో గణపతిదేవ చక్రవర్తి అచ్చట అభయశాసనము వేయించినాడు. గాలివానకు కొట్టుకొని వచ్చి ఒడ్డునపడిన ఓడలలోని సరకును పూర్వపు పాలకులు స్వాధీనము చేసికొనెడివారనియు, తాను అట్లుచేయక న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతుననియు ఆ శాసన తాత్పర్యము. సరకు మోయువానికి నమ్మకము కావలెనను సత్యమును ఆ చక్రవర్తి ఏడువందల యేండ్లకు పూర్వమే గుర్తించినాడు. ఈ వ్యాసము చివరవరకు ఆ మాటను మనము మరువరాదు.

రేవునుండి లోనాటికి సరకు చేరుటకు రెండే సాధనములు. బాటలేనిచోట పెరికెడ్లు, బాట యున్నచోట ఎడ్లబండ్లు. లంబాడీలు వందలకొలది ఎద్దుల వీపున ఉప్పును, ధాన్యమును వేసికొని తీరమునకును దక్కనునకును నడుమ తిరిగెడివారు. తరువాత బాటలు ఏర్పడిన కొలది బండ్లు పెరిగినవి. అట్లూరు అను పల్లె మల్‌రాజువారి జమీందారు నరసారావు పేర నరసరావుపేటయై, చుట్టుప్రక్కల ఊళ్ల బండ్లు కలిసికొను పట్టణమైనది.

ఈ బండివిద్యకు పాఠశాల లేదు. అయినను శిక్షణ లేకపోలేదు. పిల్లవాడు మొదట ఎడ్లకు మేతవేయుట నేర్చుకొనెడివాడు. పిదప ఇరుసుకు కందెన పెట్టుట, కాడి కట్టుట. ఆ తరువాత లోడెత్తుట. రెండుచక్రముల బండిలో బరువు ముందుకు పడినచో ఎడ్ల మెడలు నలుగును. వెనుకకు పడినచో నొగలు పైకి లేచును. ఈ తూకము తెలియనివానికి పెద్దలు పగ్గము ఇచ్చెడివారు కారు. దూరప్రయాణములలో బండ్లు బారులు తీరి రాత్రివేళ సాగెడివి. అనుభవము కల ఎడ్లు ముందు, కొత్తబండి నడుమ. ఇరుసుక్రింద లాంతరు వ్రేలాడుచుండెడిది. కొత్తవాడు ముందుబండి వెలుగును చూచుచు, వెనుకబండి కేకను వినుచు, వాగుదాటుట, ఎగువ ఎక్కుట, దిగుడున నిభాయించుట నేర్చెడివాడు. ఏండ్లు పట్టెడిది. రుసుము లేదు. తప్పుచేసినచో చక్రము విరుగును, బస్తా చిరుగును. అంతకుమించిన కీడు అరుదు. గంటకు రెండుకోసులైనను సాగని బండికి తప్పు దిద్దుకొను వ్యవధి ఎప్పుడును ఉండెడిది.

మోటారు వచ్చినపిదప పోయినది ఆ వ్యవధియే.

ప్రపంచములో ఈ మార్పు ఎట్లు వచ్చినదో కొంచెము చూతము. 1893 లోనే పారిసు నగర పోలీసు అధికారులు మోటారు నడుపువానికి యోగ్యతాపత్రము ఉండవలెనని శాసించినారు. ఇంగ్లండులో 1903 చట్టము లైసెన్సును విధించినది. కాని పరీక్ష లేదు, రుసుము చెల్లించినవారికెల్ల లైసెన్సు. జర్మనీలో ఆషఫెన్‌బుర్గు పట్టణమున 1904 లో రుడాల్ఫ్ కెంప్ అను నాతడు మోటారు నడుపువారికై పాఠశాల తెరచినాడు. 1910 లో లండనులో బ్రిటిష్ స్కూల్ ఆఫ్ మోటరింగ్ వెలసినది. అయినను ఇంగ్లండులో కొత్తవారందరికి పరీక్ష తప్పనిసరి యగుటకు 1935 వరకు పట్టినది. అనగా లైసెన్సు ముందు, పరీక్ష తరువాత. ఈ రెంటికి నడుమ 32 సంవత్సరముల కాలములో బాటలమీద పోయిన ప్రాణములే పరీక్షను తెచ్చినవని చెప్పవచ్చును.

మనదేశమున మొదటి సమగ్ర మోటారు చట్టము 1914 నాటిది. దానిస్థానములో 1939 చట్టము వచ్చినది. పదునెనిమిది యేండ్లు నిండనివాడు మోటారు నడుపరాదనియు, ఇరువది యేండ్లు నిండనివాడు బాడుగకు తిరుగు బండ్లను నడుపరాదనియు అందు విధించినారు. ఇంటికారునకును బాడుగలారీకిని నడుమ తేడా కలదని, రెండవదానికి మరికొంత వయస్సు, మరికొంత నిలుకడ కావలెనని చట్టము నాడే ఒప్పుకొన్నది.

పల్నాటికి 1930 ప్రాంతమున గుంటూరునుండి మాచర్లవరకు మీటరుగేజి రైలు వచ్చినది. రైలు స్టేషను చేరువరకు మాత్రము బండియే గతి. క్రమముగా స్టేషనులనుండి పల్లెలకు ప్రైవేటు బస్సులు, లారీలు తిరుగసాగినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై, బొగ్గుగ్యాసుతో నడచు బస్సులు వచ్చినవి. ఇంజను వెనుక కొలిమివంటి పీపా, దానికి బొగ్గు వేయు మనిషి, బయలుదేరుటకు ముందు చాలసేపు విసరుట – ఆనాటి ప్రయాణికులు ఈ ముచ్చట్లను చాలకాలము చెప్పుకొన్నారు. యుద్ధము ముగిసినపిదప సైన్యము వదలిన లారీలు వేలములలో అమ్ముడుపోయి బాడుగలలో దిగినవి. 1954 లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ డైమ్లర్-బెంజ్ సంస్థతో కలిసి లారీలు చేయనారంభించినారు. 1955 నుండి మదరాసులో అశోక్ లేలాండ్ పేరు వినవచ్చినది. లారీ ఇక సీమదొరల వస్తువు కాక, మనదేశపు వస్తువైనది.

సరిగా ఆ సమయముననే పల్నాటి పొలిమేరలో ఒక మహాకార్యము మొదలైనది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. రాతితో, సున్నముతో, సిమెంటుతో, లెక్కలేనన్ని మానవహస్తములతో లేచిన ఆనకట్ట అది. 1958 లో మాచర్లవద్ద కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము పని ఆరంభించినది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. కుడికాలువకు నెహ్రూ పేర జవహరు కాలువయని నామకరణమైనది. ఆ కాలువనీరు మెట్టపొలములలో పారుటతో వరి వచ్చినది, ప్రత్తి, మిరప పెరిగినవి. పండినదానిలో ఇంటికి కావలసినది పోగా మిగిలినది గుంటూరు యార్డునకు, మిల్లులకు పోవలెను. పిడుగురాళ్ల సున్నపుబట్టీల సున్నము, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల సిమెంటు దూరదేశములకు పోవలెను. సాగరమునకు ముందు బండ్ల సీమయైన పల్నాడు, సాగరముతో లారీల సీమయైనది.

లారీలు వచ్చినవి సరే, నడుపువారెక్కడ? ఇక్కడనే పల్నాటి యువకుల నిజమైన బడి మొదలైనది. ఆ బడి పేరు క్లీనరు పని.

పదునైదు పదునారేండ్ల కుఱ్ఱవాడు ఊరినుండి వచ్చి లారీ ఎక్కెడివాడు. డ్రైవరును ‘గురువుగారూ’ అని పిలిచెడివాడు. తెల్లవారకమునుపే లేచి అద్దము తుడుచుట, రేడియేటరులో నీరు పోయుట, హాండిలు వేసి ఇంజను తిప్పుట, చక్రములను సుత్తితో కొట్టి చప్పుడునుబట్టి గాలి తెలిసికొనుట, పట్టా కప్పి మోకులు బిగించుట, వంట చేయుట – ఇవి మొదటి పాఠములు. లారీ వెనుకకు పోవునపుడు దిగి కేకవేయుట తరువాతి పాఠము. జాకీ పెట్టి స్టెప్నీ మార్చుట, ఆకుపట్టీ విరిగినచో తాత్కాలికముగా కట్టుట, డీజిలులో గాలి చేరినచో తీయుట ఆపై పాఠములు. రెండు మూడు సంవత్సరములు గడచినపిదప, ఖాళీబాటలో, ఖాళీలారీలో గురువుగారు ప్రక్కకు జరిగి ‘పట్టుకో’ అనెడివాడు. అదియే పట్టాభిషేకము. నాటి గేరుపెట్టెలలో పండ్లు తమంతట కలియవు. క్లచ్చి రెండుసారులు త్రొక్కి, ఇంజను చప్పుడును చెవితో కొలిచి గేరు వేయవలెను. ఆ చెవి పుస్తకమువలన రాదు.

ఈ పద్ధతిలోని గుణమును మనము తక్కువగా చూడరాదు. శిష్యుడు యంత్రమును నడుపుటకు ముందు దానిని ఎరుగును. సరకు బరువు, బాట స్వభావము, నిద్ర వచ్చు గడియ – అన్నియు ప్రక్కన కూర్చుండి చూచును. బండ్ల కాలములోని పెద్దల శిక్షణ ఇందులో అట్లే నిలిచినది. కాని దోషములును పెద్దవే. గురువునకు తెలిసినంతయే శిష్యునకు వచ్చును. గురువు చేయు తప్పు శిష్యునకు ఆచారమగును. దిగుడులో డీజిలు మిగులునని గేరు తీసివేసి న్యూట్రలులో వదలు దురలవాటు ఇట్లే తరతరములకు సాగినది. గేరులో ఉన్నపుడు ఇంజను తానే లారీని పట్టి యుంచును. గేరు తీసినచో ఆ భారమంతయు బ్రేకులమీద పడి, అవి వేడెక్కి, అవసరమగు క్షణములో పట్టు తప్పును. ఏ గురువును శిష్యునకు చెడుపు కోరి చెప్పలేదు. కారణము తెలిపినవారు లేకపోయినారు. చదువుకొను వయస్సు బాటమీద గడచినందున బోర్డుమీది అక్షరము చదువలేనివారును కలరు. వయస్సు చాలక, లైసెన్సు లేక స్టీరింగు పట్టిన బాలురును కలరు. వారి తప్పునకు చక్రము విరుగుటతో పోలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఒక సెకనుకు సుమారు 17 మీటర్లు దాటును. తూగువాని కన్ను మూడు సెకనులు మూతపడినచో లారీ 50 మీటర్లు చూపులేక పోయినట్లే.

కావుననే క్లీనరు బడిప్రక్కన చట్టపు బడి అవసరమైనది. 1988 మోటారు వాహనముల చట్టము 1989 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 12వ సెక్షను డ్రైవింగ్ స్కూళ్లకు లైసెన్సును, నియమములను ఏర్పరచినది. బాడుగబండి లైసెన్సు కోరువాడు అట్టి స్కూలు ఇచ్చిన ధ్రువపత్రము చూపవలెనని 9వ సెక్షను విధించినది. ఈ ఒక్క విధితో డ్రైవింగ్ స్కూలు చరిత్రలో కొత్త అధ్యాయము మొదలైనది. అంతవరకు స్కూలు అను నది కోరినవారు చేరునది. ఇక చేరక తప్పనిది. తప్పనిసరి అయిన ప్రతి వస్తువునకు రెండు రూపములు కలుగును – ఒకటి అసలు, రెండవది కాగితము. విద్య నేర్పి పత్రమిచ్చు బడి యొకటి. పత్రమిచ్చి పంపు దుకాణ మొకటి. ఎన్నుకొనుటలోని కష్టమంతయు ఈ రెంటిని వేరుచేయుటలోనే యున్నది.

దీనికి మంచి కొలమానము 1989 నాటి కేంద్ర నిబంధనలలోనే కలదు. ప్రభుత్వము స్కూలువారికి విధించిన షరతులే తండ్రి చేతిలోని గీటురాయి.

మొదటిది లైసెన్సు. స్కూలువారికి రవాణాశాఖ ఇచ్చిన పత్రమును ఫారము 11 అందురు. దానిని అందరికి కనబడునట్లు గోడకు తగిలించవలెను. అందులో ఏ తరగతి బండ్లు నేర్పుటకు అనుమతి కలదో చూడవలెను. కారు నేర్పుటకు అనుమతి పొందినవాడు లారీ నేర్పుదునన్నచో అచ్చటినుండి లేచిరావలసినదే.

రెండవది బండి. నేర్పు తరగతికొక బండి స్కూలువారికి సొంతముగా ఉండవలెను. అందులో గురువు కాలిక్రిందను బ్రేకు, క్లచ్చి ఉండవలెను. జంట అదుపు లేని లారీలో కొత్తవానిని కూర్చుండబెట్టుట వానికిని, ఎదురువచ్చువానికిని ద్రోహమే. స్కూలు పేరు, చిరునామా ఆ బండిమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండవలెను.

మూడవది గురువు. పదవతరగతి చదువు, ఐదేండ్ల డ్రైవింగు అనుభవము, మోటారు మెకానిజములో యోగ్యతాపత్రము – ఇవి నిబంధనలు కోరు కనీస అర్హతలు. గురువెవరని అడుగుటకు తండ్రి సంకోచింపనక్కరలేదు. పిల్లను ఇచ్చు ఇంటిని విచారించునట్లే దీనిని విచారించవలెను.

నాలుగవది గది. నల్లబల్ల, బాటగుర్తుల పటములు, యంత్రభాగముల పటము, విప్పి చూపుటకు ఇంజను, గేరుపెట్టె, బ్రేకు డ్రమ్ము, పంక్చరు సామాను, పుస్తకములు, ప్రథమచికిత్స పెట్టె – ఇవన్నియు ఉండవలెనని నిబంధన. బ్రేకు డ్రమ్ము దుమ్ముపట్టి మూలబడియున్నదో, పలువురి చేతులు తగిలి నున్నబడియున్నదో చూచినచో ఆ బడి కథ సగము తెలియును.

ఐదవది కాలము. బాడుగబండ్లకు శిక్షణ 30 దినములకు తగ్గరాదు. స్టీరింగు పట్టి నడిపిన కాలము 15 గంటలకు తగ్గరాదు. ఒక్కొక్కరు ఎన్ని గంటలు నడిపినారో ఫారము 15 అను రిజిస్టరులో వ్రాయవలెను. ఇచ్చట ఒక చిన్న లెక్క. ఒక స్కూలులో ఒకే లారీ యున్నది. పదిమంది చేరినారు. మనిషికి 15 గంటల చొప్పున 150 గంటలు కావలెను. దినమునకు ఆరుగంటలు లారీ తిరిగినచో 25 దినములు. సరిపోయినది. అదే లారీకి ముప్పదిమందిని చేర్చుకొన్నచో 450 గంటలు, అనగా 75 దినములు కావలెను. నెలలోపల అందరికి పత్రములిత్తుమని వారు చెప్పినచో, ఆ గంటలు రిజిస్టరులో నడచినవే కాని బాటమీద నడచినవి కావు. లారీలెన్ని, విద్యార్థులెందరు అను రెండు ప్రశ్నలు చాలును. మూడవది మనమే లెక్క వేసికొనవచ్చును.

ఆరవది మాట. ‘మీరు రానక్కరలేదు, లైసెన్సు మేము తెప్పించెదము’ అను స్కూలు చాలమందికి ఆకర్షణ. నిబంధనల ప్రకారము లైసెన్సు తెప్పింతుమని భ్రమపెట్టుటయే స్కూలువారికి నిషిద్ధము. పరీక్షించువాడు బ్రేకు ఇనస్పెక్టరు, నేర్పువాడు స్కూలు గురువు. ఈ రెండు పనులను ఒకడే చేసిపెట్టుదునన్నచో అందులో ఏదియు జరుగలేదని అర్థము. మోటుపల్లి శాసనమును ఇచ్చట మరల తలచుకొనవలెను. న్యాయమైన సుంకము తీసికొని మాట నిలుపుకొన్న రేవుకు ఓడలు వచ్చినవి. న్యాయమైన రుసుము తీసికొని, రసీదిచ్చి, చెప్పిన గంటలు నడిపించిన బడికే మన బిడ్డను పంపవలెను.

స్కూలుకు పోవుటకు ముందు ఇంటిలో చూచుకొనవలసినవి కొన్ని కలవు. వయస్సు 20 నిండవలెను. లైట్ మోటారు వాహనపు లైసెన్సు చేతికివచ్చి ఒక సంవత్సరము కావలెను. వైద్యుని ధ్రువపత్రము కావలెను. ముఖ్యముగా కంటిచూపు, రంగుల తెలివిడి. లెర్నరు లైసెన్సు ఆరునెలలు చెల్లును; అది తీసికొన్న ముప్పది దినములకు గాని పరీక్షకు పోరాదు. ఒకప్పుడు ఎనిమిదవ తరగతి చదివి యుండవలెనను నియమముండెడిది. 2019 లో దానిని తీసివేసినారు. బడి మానిన పల్నాటి యువకులకు అది గొప్ప వెసులుబాటు. కాని అట్టివారికి గుర్తులు, బోర్డులు ఓపికతో నోటిమాటగా చెప్పు గురువున్న స్కూలే కావలెను. 2019 సవరణవలన బాడుగబండి లైసెన్సు చెల్లు కాలము మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. పెట్రోలు, గ్యాసువంటి ప్రమాదకర సరకులు మోయు లారీకి వేరుగా మూడుదినముల శిక్షణ కలదు.

అందరికిని పెద్దలారీ లైసెన్సే కావలెనా అనియు ఆలోచించవలెను. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని చిన్న సరకుబండ్లను లైట్ మోటారు వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీముకోర్టు 2017 లో చెప్పినది. 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని స్థిరపరచినది. ఊరిమిరపను యార్డునకు, కూరగాయలను సంతకు తోలుకొనువానికి అది చాలును. సిమెంటు, సున్నము, ప్రత్తిబేళ్లు దూరము మోయదలచినవానికి హెవీ లైసెన్సు తప్పదు.

ఇటీవలి కాలమున ఈ చరిత్రలో మరియొక మెట్టు చేరినది. 1995 లో తమిళనాడులోని లారీల పట్టణమైన నామక్కల్లులో అశోక్ లేలాండ్ వారు డ్రైవరు శిక్షణాలయము నెలకొల్పినారు. తెలుగునేలమీద సిరిసిల్ల దాపున మండెపల్లిలో అట్టి సంస్థ వెలసినది. పల్నాటికి పొరుగుననున్న ప్రకాశము జిల్లా దర్శికిని డ్రైవింగు శిక్షణ, పరిశోధన సంస్థ వచ్చినది. 2021 జులై 1వ తేదీనుండి గుర్తింపుపొందిన శిక్షణకేంద్రముల నియమములు అమలులోనికి వచ్చినవి. అట్టి కేంద్రమున పెద్దబండ్ల శిక్షణ ఆరువారములలో 38 గంటలు. పెద్దబండ్లు నేర్పు కేంద్రమునకు రెండెకరముల స్థలము, శిక్షణబాట, బాటను తెరమీద చూపు సిమ్యులేటరు ఉండవలెను. అచ్చట ఉత్తీర్ణుడైనవానికి రవాణా కార్యాలయములో మరల నడిపి చూపు పరీక్ష లేదు. ఊరిప్రక్క స్కూలు 15 గంటలకును, ఈ 38 గంటలకును గల తేడాను డబ్బుతో మాత్రమే కొలువరాదు. బిడ్డ నెలన్నర ఇల్లు విడిచియుండుట భారమే. కాని ఆ విద్య ముప్పదియేండ్ల బ్రతుకునకు పెట్టుబడి.

ఏ బడియైనను, చివరకు అడుగవలసిన ప్రశ్నలు బాటకు సంబంధించినవి. లోడుతో నడిపింతురా, ఖాళీలారీతోనే ముగింతురా? ఖాళీలారీ ఆగినచోట లోడులారీ ఆగదు. రాత్రి నడిపింతురా? గాలిబ్రేకుల పీడనము చూపు ముల్లును చూడనిదే బండి కదల్చరాదని నేర్పుదురా? అద్దములలో కనబడని చోటు ఎక్కడ నున్నదో, అచ్చట సైకిలువాడు ఉండవచ్చునని చూపుదురా? ఎత్తుగా కట్టిన ప్రత్తిబేళ్ల లోడు మలుపులో ఎట్లు ఒరుగునో చెప్పుదురా? బరువు ముందువెనుకల తూకము తెలియనివానికి పగ్గమీయని మన పెద్దలు అడిగిన ప్రశ్న ఇదియే. ఈ ప్రశ్నలకు స్కూలు యజమాని చెప్పు సమాధానముకంటె, నిరుడు అచ్చట నేర్చి నేడు లారీ నడుపుచున్న యువకుడు చెప్పు సమాధానము విలువైనది. వానిని వెదకి అడుగవలెను. లారీ యజమానులనును అడుగవలెను. లక్షల విలువగల బండిని ఏ బడివానిచేతిలో పెట్టుటకు వారు జంకరో వారికి బాగుగా తెలియును.

పత్రము చేతికి వచ్చినంతనే చదువు ముగిసినదనుకొనరాదు. పాతకాలపు గురుశిష్య పద్ధతిలో మంచి యంతయు ఇప్పుడు పనికివచ్చును. లైసెన్సు పొందినవాడు కొన్నినెలలు పెద్ద డ్రైవరు ప్రక్కన కూర్చుండి దూరప్రయాణములు చేయుట మేలు. బడి కారణములు చెప్పును. బాట అలవాటు చేయును. కారణము తెలిసినవాడు గురువులోని మంచిని గ్రహించి, న్యూట్రలువంటి దురలవాటును విడువగలడు. ఒకప్పటి క్లీనరుకు లేనిదీ వివేకమే.

2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. నరసరావుపేటమీదుగా గుంటూరు, అనంతపురములను కలుపు జాతీయరహదారి, మాచర్లమీదుగా నల్లగొండనుండి దక్షిణమునకు సాగు జాతీయరహదారి, పిడుగురాళ్ల, దాచేపల్లిమీదుగా కృష్ణదాటు అద్దంకి–నార్కెట్‌పల్లి బాట – ఒకప్పుడు లాంతరు వెలుగున బండ్లు సాగిన సీమలో నేడు రాత్రింబవళ్లు లారీలు సాగుచున్నవి. ఆ బాటలమీదనే బడిపిల్లలు నడచుచున్నారు, కూలిజనము ఆటోలలో పోవుచున్నారు, ఎడ్లబండ్లును అక్కడక్కడ కనబడుచున్నవి. ఒక తండ్రి తన కుమారునికి బడిని ఎన్నుకొనునపుడు వీరందరి తరఫున ఎన్నుకొనుచున్నాడు. పత్రము కొన్నవాని లారీ ఎదురువచ్చునపుడు ప్రక్కకు తొలగుటకు వారికి చోటుండదు. ఒక పూట ఆలస్యమైనను స్కూలు గడపలోనికి పోయి, గోడమీది పత్రమును చదివి, లారీలను లెక్కించి, రిజిస్టరు చూపుమని అడుగుట తండ్రి హక్కు. అడిగినవానికి చూపింపని బడిలో బిడ్డను చేర్పకుండుట తండ్రి ధర్మము.